రక్తకణాల లెక్కింపు

రక్తకణాల లెక్కింపు అనగా ఒక నిర్ణీత పరిమాణం గల రక్తంలో ఎర్ర రక్తకణాలు, తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు ఎన్నెన్ని ఉన్నవో తెలుసుకొనే ప్రయోగశాల పరీక్ష. వైద్యంలో అతి తరచుగా చేయించే పరీక్షలలో ఇది ఒకటి. తెలుగు రాష్ట్రాలలో వైద్యులు వ్రాసే చీటీలపై ఇది సాధారణంగా 'సీ.బీ.పీ.' అన్న పొడి అక్షరాలతో కనిపిస్తుంది. కంప్లీట్ బ్లడ్ పిక్చర్ అన్న మాటకు ఇది సంక్షిప్త రూపం. ఇతర ప్రాంతాలలో దీనినే 'సీ.బీ.సీ.' అంటారు.

హైదరాబాదు నగరంలో నాంపల్లి, అబిడ్స్ పరిసరాలలో ఈ పరీక్షపై ఆధారపడే పెద్ద ఆసుపత్రులు కొన్ని ఉన్నాయి. నాంపల్లి రైల్వే స్టేషనుకు సమీపంలోని రెడ్ హిల్స్‌లో పిల్లల వైద్యానికి నిలోఫర్ ఆసుపత్రి, క్యాన్సరు వైద్యానికి ఎం.ఎన్.జె. సంస్థ కలవు. వానాకాలంలో డెంగీ జ్వరాలు ప్రబలినప్పుడు నగరంలోని అనేక కుటుంబాలు ప్రతి ఉదయం ప్లేట్‌లెట్ల సంఖ్య కొరకు ఎదురుచూస్తాయి. ఆ సంఖ్య ఎలా వస్తుంది, దానిని ఎంతవరకు నమ్మవచ్చు అన్నవి ఈ వ్యాసంలోని ముఖ్య విషయాలు.

లెక్కించే కణాలు, ప్రమాణాలు

రక్తంలో ముఖ్యంగా మూడు రకాల కణాలు ఉంటాయి.

ఎర్ర రక్తకణాలు: ఇవి హీమోగ్లోబిన్ ద్వారా ప్రాణవాయువును మోస్తాయి. ఒక మైక్రోలీటరు రక్తంలో ఆరోగ్యవంతులైన పురుషులలో సుమారు 45 నుండి 55 లక్షలు, స్త్రీలలో సుమారు 38 నుండి 48 లక్షలు ఉంటాయి.

తెల్ల రక్తకణాలు: ఇవి రోగక్రిములతో పోరాడతాయి. పెద్దవారిలో ఒక మైక్రోలీటరుకు సుమారు 4,000 నుండి 11,000 వరకు ఉంటాయి. వీటిలో న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు, మోనోసైట్లు, ఇసినోఫిల్స్, బేసోఫిల్స్ అని అయిదు రకాలు ఉన్నాయి.

ప్లేట్‌లెట్లు: రక్తం గడ్డకట్టుటకు తోడ్పడే అతి చిన్న కణాలు. ఒక మైక్రోలీటరుకు సుమారు 1.5 లక్షల నుండి 4.5 లక్షల వరకు ఉంటాయి.

ఒక మైక్రోలీటరు ఒక ఘన మిల్లీమీటరుకు సమానం. మన ప్రయోగశాలలు ప్లేట్‌లెట్లను లక్షలలో చూపుతాయి. అంతర్జాతీయ పద్ధతిలో అదే సంఖ్యను లీటరుకు ఇన్ని వందల కోట్లు అని చూపుతారు. కనుక ఒక నివేదికలో '1.5 లక్షలు' అని, మరొక దానిలో '150' అని ఉంటే అవి రెండూ ఒకే విలువ. రెండు ప్రయోగశాలల నివేదికలను పోల్చేటప్పుడు ముందుగా ప్రమాణాన్ని చూడవలెను.

చరిత్ర

రక్తకణాలను మొట్టమొదట సంఖ్యాత్మకంగా లెక్కించినవాడు జర్మనీకి చెందిన కార్ల్ ఫీరోర్ట్. ఆయన 1852లో తన పద్ధతిని ప్రకటించాడు. అది చాలా శ్రమతో కూడినది. తరువాత ఫ్రాన్సులో మలాసె, హాయెమ్, ఇంగ్లండులో విలియం గోవర్స్ 1870లలో సులభమైన పరికరాలను రూపొందించారు. గోవర్స్ 1877లో తన పరికరానికి పెట్టిన పేరే నేటికీ వాడుకలో ఉన్న 'హీమోసైటోమీటరు'. నేడు ఎక్కువగా వాడే గళ్ళ అమరికకు న్యూబవర్ పేరు స్థిరపడింది. ఇటలీ శాస్త్రవేత్త జూలియో బిజ్జొజెరో 1882లో ప్లేట్‌లెట్లను ప్రత్యేకమైన కణాలుగా వర్ణించాడు.

1953లో అమెరికాకు చెందిన వాలెస్ కౌల్టర్ విద్యుత్ పద్ధతిలో కణాలను లెక్కించే విధానానికి పేటెంటు పొందాడు. దానితో గంటల పని నిమిషాలకు, అటుపై క్షణాలకు తగ్గింది. 1970లలో కాంతి కిరణాల సహాయంతో కణాల రకాలను గుర్తించే యంత్రాలు వచ్చాయి.

లెక్క ఎంత ఖచ్చితమైనది అన్న ప్రశ్నకు కూడా సుదీర్ఘ చరిత్ర ఉన్నది. డబ్లిన్ నగరంలోని గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేసిన విలియం గోసెట్ 'స్టూడెంట్' అనే మారుపేరుతో 1907లో ఒక వ్యాసం ప్రకటించాడు. హీమోసైటోమీటరులో ఈస్టు కణాలను లెక్కించినప్పుడు ఏర్పడే దోషం ఆ వ్యాసంలోని విషయం. 1940లో బెర్క్‌సన్, మగాత్, హర్న్ అనే ముగ్గురు అమెరికా పరిశోధకులు రక్తకణాల లెక్కలో పిపెట్టు వలన, గది వలన, గళ్ళలో కణాల చెదరుదల వలన వచ్చే దోషాలను వేరువేరుగా కొలిచి చూపారు.

లెక్కింపు గది పద్ధతి

న్యూబవర్ గది మందపాటి గాజు పలక. దాని మధ్యభాగంలో సన్నని గీతలతో గళ్ళు చెక్కబడి ఉంటాయి. ఒక్కొక్క పెద్ద గడి పొడవు, వెడల్పు ఒక్కొక్క మిల్లీమీటరు. ఇటువంటి పెద్ద గళ్ళు తొమ్మిది ఉంటాయి. పైన పలుచని గాజు బిళ్ళను ఉంచినప్పుడు లోపలి లోతు మిల్లీమీటరులో పదవ వంతు. కనుక ఒక పెద్ద గడిపై నిలిచే ద్రవం 0.1 మైక్రోలీటరు.

తెల్ల రక్తకణాలను లెక్కించుటకు రక్తాన్ని 20 రెట్లు పలుచన చేస్తారు. ఇందుకు వాడే టర్క్ ద్రావణంలోని ఎసిటిక్ ఆమ్లం ఎర్ర కణాలను కరిగిస్తుంది, రంగు తెల్ల కణాల కేంద్రకాలకు పట్టుకొంటుంది. నాలుగు మూలల గళ్ళలోని కణాలను సూక్ష్మదర్శినిలో లెక్కించి, ఆ సంఖ్యను 50తో హెచ్చిస్తే ఒక మైక్రోలీటరులోని సంఖ్య వస్తుంది. ఉదాహరణకు 100 కణాలు కనిపిస్తే ఫలితం 5,000.

ఎర్ర రక్తకణాలకు హాయెమ్ ద్రావణంతో 200 రెట్లు పలుచన చేసి, మధ్య గడిలోని 80 అతి చిన్న గళ్ళలో లెక్కించి 10,000తో హెచ్చిస్తారు. ప్లేట్‌లెట్లకు ఒక శాతం అమ్మోనియం ఆక్సలేటు ద్రావణం వాడతారు. అవి గది అడుగుకు చేరుటకు సమయం పడుతుంది కనుక, ఈలోగా ద్రవం ఆరిపోకుండా గదిని తడి గల పెట్టెలో కొంతసేపు ఉంచవలెను.

ఈ పద్ధతికి విద్యుత్తు, ఖరీదైన యంత్రం అవసరం లేదు. వైద్య విద్యార్థులు మొదటి సంవత్సరంలో శరీరధర్మశాస్త్ర ప్రయోగశాలలో దీనిని స్వయంగా చేసి నేర్చుకొంటారు. అబిడ్స్‌కు చేరువలోని బషీర్‌బాగ్‌లో 1958 నుండి, 2003లో ముషీరాబాదుకు తరలిపోయే వరకు, గాంధీ వైద్య కళాశాల ఉండేది.

యంత్ర పద్ధతులు

విద్యుత్ నిరోధ పద్ధతి: ఉప్పు ద్రావణంలో పలుచన చేసిన రక్తాన్ని అతి సన్నని రంధ్రం గుండా పంపుతారు. రంధ్రానికి ఇరువైపులా విద్యుత్తు ప్రవహిస్తూ ఉంటుంది. కణం విద్యుత్తును సరిగా ప్రసరింపనీయదు కనుక, ఒక్కొక్క కణం రంధ్రంలోకి రాగానే నిరోధం ఒక్క క్షణం పెరుగుతుంది. ఆ పెరుగుదలను యంత్రం ఒక కణంగా లెక్కిస్తుంది. పెరుగుదల ఎంత ఎక్కువ అయితే కణం అంత పెద్దది. ఎర్ర కణం సగటు పరిమాణం 80 నుండి 100 ఫెమ్టోలీటర్లు కాగా, ప్లేట్‌లెట్టుది సుమారు 7 నుండి 12 ఫెమ్టోలీటర్లు మాత్రమే. పరిమాణాన్ని బట్టే ఈ పద్ధతి రెంటినీ వేరు చేస్తుంది. తెల్ల కణాలను లెక్కించే ముందు ఎర్ర కణాలను కరిగించివేస్తారు.

కాంతి పద్ధతి: కణాలు ఒకదాని వెనుక ఒకటిగా లేజరు కిరణం ముందు నుండి పోతాయి. అవి వెదజల్లే కాంతిని బట్టి కణం పరిమాణం, లోపలి నిర్మాణం తెలుస్తాయి. ఈ విధంగా తెల్ల కణాలలోని రకాలను కూడా యంత్రమే విడదీస్తుంది.

ప్రతిదీప్తి పద్ధతి: కణాలలోని కేంద్రకామ్లాలకు అంటుకొనే మెరిసే రంగును వాడతారు. చిన్న ఎర్ర కణాలను ప్లేట్‌లెట్లుగా పొరబడే అవకాశం ఇందులో తక్కువ. ప్లేట్‌లెట్ల పైనున్న ప్రత్యేక ప్రోటీనులకు ప్రతిదేహాలను అంటించి లెక్కించే విధానాన్ని 2001లో అంతర్జాతీయ సంఘాలు ప్రమాణ పద్ధతిగా సిఫారసు చేశాయి. ఇది ఖర్చుతో కూడినది కనుక నిత్య పరీక్షలకు కాక యంత్రాలను సరిచూచుటకు ఉపయోగపడుతుంది.

రక్తపు పూత

గాజు పలకపై ఒక రక్తపు బొట్టును పలుచగా పరచి, లీష్మన్ రంగు వంటిది వేసి సూక్ష్మదర్శినిలో చూచుటను రక్తపు పూత పరీక్ష అంటారు. యంత్రం సంఖ్యను మాత్రమే ఇస్తుంది. పూతలో కణాల ఆకారం, గుంపులు, మలేరియా క్రిములు, క్యాన్సరు కణాలు కంటికి కనబడతాయి. నూనె వాడి చూచే పెద్ద కటకం క్రింద ఒక దృశ్యక్షేత్రంలో కనిపించే ప్రతి ప్లేట్‌లెట్టు రక్తంలోని సుమారు 15,000 నుండి 20,000 ప్లేట్‌లెట్లకు సూచిక. ఇది స్థూలమైన అంచనాయే గాని, యంత్రం చేసిన పెద్ద పొరపాటును పట్టుటకు సరిపోతుంది. యంత్రం 18,000 అని చూపగా పూతలో క్షేత్రానికి ఎనిమిది, పది ప్లేట్‌లెట్లు కనిపిస్తే యంత్రపు సంఖ్య తప్పు అని తెలిసిపోతుంది.

లెక్కలోని సహజ దోషం

పనివాని పొరపాటు గాని, యంత్రపు లోపం గాని ఏమాత్రం లేకపోయినా లెక్కలో కొంత తేడా వచ్చి తీరుతుంది. కారణం, లెక్కించేది చాలా చిన్న నమూనాను. పైన చెప్పిన తెల్ల కణాల పరీక్షలో నాలుగు గళ్ళపై ఉండే అసలు రక్తం ఒక మైక్రోలీటరులో యాభయ్యవ వంతు. పెద్దవారి శరీరంలో ఉండే అయిదు లీటర్ల రక్తంలో ఇది 25 కోట్లలో ఒక వంతు.

ద్రవంలో కణాలు యాదృచ్ఛికంగా చెదరి ఉంటాయి. పిడికెడు మినుములు గళ్ళ గుడ్డపై చల్లినప్పుడు అన్ని గళ్ళలోనూ సమానంగా పడనట్లే, గదిలోని గళ్ళలోనూ కణాలు సమానంగా పడవు. ఇటువంటి లెక్కలకు వర్తించే పాయిజాన్ నియమం ప్రకారం, లెక్కించిన కణాల సంఖ్యకు వర్గమూలమే ఆ లెక్క యొక్క ప్రామాణిక విచలనం. నూటికి సుమారు 95 పర్యాయాలు ఫలితం దీనికి రెండింతల తేడాలో ఉంటుంది.

ఎర్ర కణాలు: 500 లెక్కిస్తే విచలనం సుమారు 22, అనగా 4.5 శాతం.

తెల్ల కణాలు: 100 లెక్కిస్తే విచలనం 10, అనగా 10 శాతం. నివేదికలో 5,000 అని ఉన్నప్పుడు అసలు విలువ 4,000 నుండి 6,000 వరకు ఎక్కడైనా ఉండవచ్చును.

ప్లేట్‌లెట్లు: 100 రెట్లు పలుచన చేసి ఒక పెద్ద గడిలో 20 లెక్కిస్తే ఫలితం 20,000. విచలనం సుమారు 4.5, అనగా 22 శాతం. అసలు విలువ సుమారు 11,000 నుండి 29,000 వరకు ఉండవచ్చును.

దీనిని బట్టి ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. కణాల సంఖ్య ఎంత తగ్గితే దోషం శాతం అంత పెరుగుతుంది. కాని వైద్యులు కీలకమైన నిర్ణయాలు తీసుకోవలసి వచ్చేది కూడా సంఖ్య బాగా తగ్గినప్పుడే. గదిలో లెక్కించిన ప్లేట్‌లెట్లు నిన్న 20,000, నేడు 28,000 అయితే అవి నిజంగా పెరిగినట్లు ఆ రెండు సంఖ్యలను బట్టి మాత్రమే చెప్పలేము. అదే విధంగా 28,000 నుండి 20,000కు వస్తే పడిపోయినట్లూ చెప్పలేము.

యంత్రం కొద్ది క్షణాలలో వేల కణాలను లెక్కిస్తుంది కనుక ఈ దోషం చాలా తగ్గుతుంది. ఎర్ర కణాలలో చెదరుదల సుమారు ఒక శాతం, తెల్ల కణాలలో రెండు మూడు శాతం మాత్రమే. ప్లేట్‌లెట్లలో ఇది కొంత ఎక్కువ. 20,000 కంటె తక్కువ సంఖ్యల వద్ద యంత్రాలలో కూడా చెదరుదల గణనీయంగా పెరుగుతుంది.

రకాల వారీ లెక్కలో దోషం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సాధారణంగా పూతలో 100 తెల్ల కణాలను చూచి వాటిలో ఏ రకం ఎన్ని ఉన్నవో చెబుతారు. అందులో ఇసినోఫిల్స్ 10 శాతం అని వస్తే అసలు విలువ 4 నుండి 18 శాతం వరకు ఉండవచ్చును. 500 కణాలను చూస్తే అది 7 నుండి 13 శాతానికి కుదించుకొంటుంది.

నమూనా సేకరణలో దోషాలు

పరీక్ష మొదలు కాకముందే తప్పులు జరిగే అవకాశం ఉన్నది. రక్తాన్ని ఊదారంగు మూత గల గొట్టంలో సేకరిస్తారు. అందులో ఇ.డి.టి.ఏ. అనే, గడ్డకట్టకుండా చేసే ద్రవ్యం ఉంటుంది. రక్తం తీసిన వెంటనే గొట్టాన్ని నెమ్మదిగా తలక్రిందులు చేస్తూ కలపకపోతే చిన్న చిన్న గడ్డలు ఏర్పడి, వాటిలో చిక్కుకొన్న ప్లేట్‌లెట్లు లెక్కకు అందవు. సూది గుచ్చుటలో ఆలస్యమైనా ఇదే జరుగుతుంది. వేలి నుండి పిండి తీసిన రక్తంలో ప్లేట్‌లెట్లు సిర రక్తంలో కంటె తక్కువగా వస్తాయి.

సెలైను ఎక్కుతున్న చేతి నుండి రక్తం తీస్తే అది పలుచబడి అన్ని సంఖ్యలూ తగ్గుతాయి. గొట్టం చాలాసేపు నిలువ ఉంటే కణాలు ఉబ్బి ఆకారం మారుతుంది. వ్యాయామం, భయం, ఏడుపు వంటి వాటి వలన తెల్ల కణాలు కొద్దిసేపు పెరగవచ్చును. ఇది లెక్కలో తప్పు కాదు, శరీరంలో సహజంగా వచ్చే మార్పు.

యంత్రం పొరబడే సందర్భాలు

ప్లేట్‌లెట్ల గుంపులు: కొందరి రక్తంలో ఇ.డి.టి.ఏ. కలిసినప్పుడు ప్లేట్‌లెట్లు గొట్టంలోనే ఒకదానికొకటి అతుక్కొంటాయి. శరీరంలో అవి సరిపడినన్ని ఉన్నా యంత్రం చాలా తక్కువ చూపుతుంది. సుమారు వేయి మందిలో ఒకరికి ఈ స్థితి ఉంటుందని అంచనా. పూతలో గుంపులను చూచి దీనిని గుర్తిస్తారు. అప్పుడు సిట్రేటు గల గొట్టంలో మరల రక్తం తీసి, సిట్రేటు ద్రావణం వలన వచ్చే పలుచదనానికి ఫలితాన్ని 1.1తో హెచ్చిస్తారు.

చిన్న ఎర్ర కణాలు: ఇనుప ధాతులోపం, తలసీమియా ఉన్నవారిలో ఎర్ర కణాలు, వాటి ముక్కలు బాగా చిన్నవిగా ఉంటాయి. విద్యుత్ నిరోధ పద్ధతి వీటిలో కొన్నింటిని ప్లేట్‌లెట్లుగా లెక్కించి ఎక్కువ చూపవచ్చును. తక్కువ ఉన్నవారికి ఎక్కువ ఉన్నట్లు చూపుట మరింత ప్రమాదకరం.

పెద్ద ప్లేట్‌లెట్లు: ఇందుకు విరుద్ధంగా, మామూలు కంటె పెద్ద ప్లేట్‌లెట్లు ఎర్ర కణాల కోవలోకి పోయి లెక్క తగ్గుతుంది.

కేంద్రకం గల ఎర్ర కణాలు: ఇవి కరగక మిగిలి కొన్ని యంత్రాలలో తెల్ల కణాలుగా లెక్కకు వస్తాయి.

చలికి అతుక్కొనే ఎర్ర కణాలు: రెండు మూడు కణాలు కలిసి ఒకటిగా లెక్కకు వచ్చి, ఎర్ర కణాల సంఖ్య తగ్గి, సగటు పరిమాణం అసాధారణంగా పెరుగుతుంది. నమూనాను 37 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి మరల పరీక్షిస్తే సరిపోతుంది.

హైదరాబాదులో ఉపయోగాలు

శిశువైద్యం: నిలోఫర్ రాకుమారి పేరిట రెడ్ హిల్స్‌లో వెలసిన నిలోఫర్ ఆసుపత్రి 1953లో ప్రారంభమైనది. నవజాత శిశువుల రక్తపరీక్షలో రెండు ప్రత్యేక చిక్కులు ఉన్నాయి. మొదటిది, తీయగలిగే రక్తం చాలా తక్కువ. గొట్టంలో గుర్తించిన గీత వరకు రక్తం లేకపోతే ఇ.డి.టి.ఏ. పాలు ఎక్కువై కణాలు ముడుచుకొంటాయి. అందుచేత శిశువులకు చిన్న గొట్టాలు వాడతారు. రెండవది, నవజాత శిశువుల రక్తంలో కేంద్రకం గల ఎర్ర కణాలు సహజంగానే కొన్ని ఉంటాయి. యంత్రం తెల్ల కణాలు 20,000 అని చూపి, పూతలో ప్రతి 100 తెల్ల కణాలకు 25 కేంద్రక ఎర్ర కణాలు కనిపిస్తే, 20,000ను 100తో హెచ్చించి 125తో భాగించవలెను. అసలు సంఖ్య 16,000. బిడ్డకు సూక్ష్మజీవుల సోకు ఉన్నదా లేదా అని ఆలోచించేటప్పుడు ఈ తేడా ముఖ్యమైనది.

క్యాన్సరు వైద్యం: మెహదీ నవాజ్ జంగ్ పేరిట రెడ్ హిల్స్‌లో ఉన్న క్యాన్సరు సంస్థ 1955లో స్థాపించబడినది. క్యాన్సరు మందులు ఎముక మజ్జను అణచివేస్తాయి కనుక, ప్రతి విడత మందుకు ముందు కణాల లెక్క చూడవలసి ఉంటుంది. ఈ చికిత్స చరిత్రలో తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుకు స్థానం ఉన్నది. ఆయన నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు ఉన్న 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో తాత్కాలికంగా మెరుగుదల కనిపించినట్లు 1948లో ప్రకటించాడు. ఆ మెరుగుదలకు ముఖ్య ఆధారాలలో రక్తకణాల లెక్కలు, మజ్జ పరీక్షలు ఉన్నాయి.

న్యూట్రోఫిల్స్ సంఖ్య మైక్రోలీటరుకు 500 కంటె తగ్గితే తీవ్రమైన సోకులు వచ్చే ప్రమాదం ఉన్నది. ఒక రోగికి తెల్ల కణాలు 1,000, వాటిలో న్యూట్రోఫిల్స్ 50 శాతం అయితే సంఖ్య 500. కాని 100 కణాలను మాత్రమే చూచి చెప్పిన 50 శాతానికి అసలు విలువ సుమారు 40 నుండి 60 శాతం. అనగా 400 నుండి 600. ఒకే నివేదిక ప్రమాదపు గీతకు ఇరువైపులా వర్తిస్తుంది. కనుక వైద్యులు జ్వరం, లక్షణాలు, మునుపటి లెక్కలు కలిపి చూచి నిర్ణయిస్తారు.

డెంగీ జ్వరం: డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గుట సాధారణం. జ్వరం తగ్గే సమయంలో అవి అతి తక్కువకు చేరి, తరువాత కొద్ది రోజులలో తమంతట తామే పెరుగుతాయి. ఆ రోజులలో ఏ ఆకురసం, ఏ పండు తీసుకొన్నా పెరుగుదలకు అదే కారణమని అనిపించుట సహజం. మందు తీసుకొనని వారితో పోల్చి చూడకుండా ఆ నిర్ణయానికి రాలేము.

ప్లేట్‌లెట్లు తగ్గినాయనగానే దాతల కొరకు బంధువులు పరుగులు తీయుట ప్రతి సంవత్సరం కనిపించే దృశ్యం. దాత రక్తం నుండి వేరు చేసిన ప్లేట్‌లెట్లు 20 నుండి 24 డిగ్రీల వద్ద, కదుపుతూ ఉంచితే సాధారణంగా 5 రోజులు మాత్రమే నిలువ ఉంటాయి. సింగపూరు, మలేషియాలలో 20,000 లేక అంతకు తక్కువ ప్లేట్‌లెట్లు గల 372 మంది పెద్దవారిపై జరిగిన పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడినది. తీవ్ర రక్తస్రావం లేనివారికి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించుట వలన రక్తస్రావం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. పైగా ఎక్కించినవారిలో దుష్ప్రభావాలు ఎక్కువగా కనిపించాయి. 2015 నాటి భారత జాతీయ మార్గదర్శకాలు రక్తస్రావం లేనప్పుడు 10,000 కంటె తగ్గిన స్థితిలో దీనిని సూచించాయి.

డెంగీలో ప్రాణాపాయానికి ముఖ్య కారణం రక్తనాళాల నుండి ప్లాస్మా కారిపోవుట. దీనికి సూచిక హెమటోక్రిట్, అనగా రక్తంలో ఎర్ర కణాలు ఆక్రమించిన శాతం. ప్లాస్మా తగ్గితే రక్తం చిక్కబడి ఇది పెరుగుతుంది. మొదటి విలువ కంటె 20 శాతం పెరిగితే ప్లాస్మా కారుతున్నదని భావిస్తారు. హెమటోక్రిట్ పెరుగుతూ ప్లేట్‌లెట్లు వేగంగా పడిపోవుట హెచ్చరిక చిహ్నం. ప్లేట్‌లెట్ల సంఖ్యను మాత్రమే చూచి, అదే కాగితంపై ఉన్న హెమటోక్రిట్‌ను చూడకపోవుట సరికాదు.

మలేరియా: సికింద్రాబాదులో 1897 ఆగష్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రోనాల్డ్ రాస్, అనంతరం ఇంగ్లండులో డేవిడ్ థామ్సన్‌తో కలిసి రోగి రక్తంలోని క్రిముల సంఖ్యను ప్రతిదినం లెక్కించి 1910లో ప్రకటించాడు. నేడు మందపాటి పూతలో 200 తెల్ల కణాలు చూచేలోగా కనిపించిన క్రిములను లెక్కించి, రోగికి తెల్ల కణాలు 8,000 ఉన్నవని అనుకొని మొత్తం గణిస్తారు. 50 క్రిములు కనిపిస్తే ఫలితం 2,000. కాని ఆ రోగి తెల్ల కణాలు నిజానికి 4,000 మాత్రమే అయితే క్రిములు 1,000 మాత్రమే. ఒక లెక్కలోని దోషం మరొక లెక్కలోకి ప్రవేశించుటకు ఇది ఉదాహరణ.

నమూనాల రవాణా: 2018లో తెలంగాణ ప్రభుత్వం నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఆవరణలో కేంద్ర రోగనిర్ధారణ ప్రయోగశాలను ప్రారంభించినది. బస్తీ దవాఖానాల వంటి చోట్ల తీసిన నమూనాలను ఒకచోట చేర్చి పరీక్షించుట దీని పద్ధతి. ఇటువంటి ఏర్పాటులో పేదలకు మంచి యంత్రాల సేవ అందుతుంది. అయితే గొట్టం ఎంతసేపు ప్రయాణించినది, ఎంత వేడికి గురైనది అన్నవి ఎక్కడైనా గమనింపవలసిన విషయాలు.

నాణ్యత నియంత్రణ

నిలకడ వేరు, యథార్థత వేరు. ఒకే నమూనాను పదిసార్లు పరీక్షిస్తే పదిసార్లూ దాదాపు ఒకే ఫలితం వచ్చుట నిలకడ. ఆ ఫలితం నిజమైన విలువకు దగ్గరగా ఉండుట యథార్థత. ఎప్పుడూ అయిదు నిమిషాలు ముందు నడిచే గడియారానికి నిలకడ ఉన్నది, యథార్థత లేదు. సరిచూడని యంత్రం కూడా ఇటువంటిదే.

ఈ కారణంగా ప్రయోగశాలలు ప్రతిరోజు విలువ ముందుగా తెలిసిన నియంత్రణ రక్తాన్ని యంత్రంలో పెట్టి చూస్తాయి. భారతదేశంలో ఎన్.ఏ.బి.ఎల్. అనే సంస్థ ఐ.ఎస్.ఓ. 15189 ప్రమాణం ప్రకారం వైద్య ప్రయోగశాలలకు గుర్తింపు ఇస్తుంది. ఒకే నమూనాను అనేక ప్రయోగశాలలకు పంపి ఫలితాలను పోల్చే బాహ్య నాణ్యతా పథకాలు కూడా ఉన్నాయి. అమెరికా నియమాలు ఇటువంటి పోలికలో ప్లేట్‌లెట్లకు 25 శాతం వరకు తేడాను అంగీకరిస్తాయి. కనుక ఒకే రోజు రెండు మంచి ప్రయోగశాలలలో 40,000, 46,000 అని వస్తే వాటిలో ఒకటి తప్పు చేసినదని అనుకోనవసరం లేదు.

నివేదికలోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. మామూలు పరిమాణంలో ఎర్ర కణాలు ఉన్నవారిలో హీమోగ్లోబిన్‌ను మూడుతో హెచ్చిస్తే సుమారుగా హెమటోక్రిట్ వస్తుంది. హీమోగ్లోబిన్ 14 అయితే హెమటోక్రిట్ 42 ప్రాంతంలో ఉండవలెను. బాగా తేడా ఉంటే నమూనాలోనో యంత్రంలోనో లోపాన్ని వెదకవలెను. ఎర్ర కణాలు చిన్నవిగా ఉన్నవారికి ఈ సూత్రం వర్తించదు.

నివేదికను చదువునప్పుడు గమనింపదగినవి

ప్రమాణం ఏమిటో ముందు చూడవలెను.

సాధ్యమైనంతవరకు ఒకే ప్రయోగశాలలో, ఒకే పద్ధతిలో చేయించిన ఫలితాలను పోల్చవలెను.

ఒక్క సంఖ్య కంటె రెండు మూడు రోజుల ధోరణి ముఖ్యము.

రోగి స్థితికి పొంతన లేని సంఖ్య వచ్చినప్పుడు పూత పరీక్ష, తాజా నమూనాతో మరొక లెక్క అవసరము.

సంఖ్య ఎంత ఉన్నా రక్తస్రావం, తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, మత్తు వంటి లక్షణాలు ఉంటే వెంటనే వైద్యుని కలవవలెను. ఇవి ఉన్నప్పుడు రేపటి లెక్క కొరకు ఆగరాదు.

ఇవి కూడా చూడండి

రక్తము
ఎర్ర రక్తకణం
తెల్ల రక్తకణం
డెంగీ జ్వరం
తలసీమియా
యల్లాప్రగడ సుబ్బారావు
రోనాల్డ్ రాస్
నిలోఫర్ ఆసుపత్రి